గ్రూపు ఫోటోలో నా కుర్చీ

ఆయన మా గ్రౌండులో మొట్టమొదట చెప్పుల కాళ్లతో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయన ఎవరో, ఎందుకొచ్చాడో నాకు తెలియదు. తెలియకముందే నచ్చలేదు. తెలిశాక మరీ నచ్చలేదు.

మా గ్రౌండుకు ఒక పద్ధతి ఉండేది. అది నేను పెట్టిన పద్ధతి. సున్నంతో గీసిన గీత దగ్గర ఎవరైనా సరే చెప్పులు విడవాలి, వంగి నేలను తాకి కళ్లకు అద్దుకోవాలి, ఆ తర్వాతే లోపలికి రావాలి. చిన్నప్పుడు నేను గరిడీలో కుస్తీ నేర్చుకున్నవాణ్ణి. ఆ మట్టిలోకి చెప్పులతో వచ్చినవాణ్ణి మా ఉస్తాదు మెడ పట్టి బయటికి పంపేవాడు. కర్నూలు కాలేజీలో డ్రిల్లు మాస్టరుగా చేరి ఫుట్‌బాల్ జట్టును చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ మర్యాదను కూడా వెంట తెచ్చుకున్నాను. ఎట్లాగూ అప్పట్లో మా పిల్లలు వట్టికాళ్లతోనే ఆడేవారు. ఆ గులకరాళ్ల మీద, పల్లేరుకాయల మీద పరుగెత్తి పరుగెత్తి వాళ్ల అరికాళ్లు మొద్దుబారిపోయాయి. ముల్లు గుచ్చుకుంటే ముల్లే విరిగేది.

“ఏమప్పా, చెప్పులు ఆడనే ఇడువు!” అని అరిచాను.

ఆయన ఆగి తన కాళ్ల వంక చూసుకున్నాడు. “క్షమించండి మాస్టారూ, తెలియలేదు” అన్నాడు. వెనక్కి వెళ్లి, గీత అవతల చెప్పులు విడిచి, నా పిల్లలు చేసినట్టే వంగి నేలను తాకి వచ్చాడు. నాతో పోట్లాడి ఉంటే బాగుండేది. పోట్లాటకు వచ్చేవాడితో ఎట్లా నడుచుకోవాలో నాకు తెలుసు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మద్రాసు నుంచి ఆఫీసులన్నీ వచ్చి పడ్డాయి. ఇళ్లు చాలక గుమాస్తాలు డేరాల్లో కాపురాలు పెట్టారు. ఈయన కూడా ఏదో ఆఫీసులో గుమాస్తా. మద్రాసులో ఒక క్లబ్బుకు ఫుట్‌బాల్ ఆడాడట. సాయంత్రాలు ఊరికే ఉండడం ఎందుకని మా ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్లి, జీతం వద్దు, పిల్లలకు ఆట నేర్పుతానన్నాడట. ప్రిన్సిపాలు పొంగిపోయి ‘గౌరవ కోచ్’ అని ఒక బిరుదు తగిలించాడు. అప్పటిదాకా కోచ్ అనే మాట మా కాలేజీలో ఎవరూ వాడలేదు. నేను డ్రిల్లు మాస్టరునే. నా వెనక పిల్లలు వేరే పేర్లు పెట్టుకుని ఉంటే ఉండవచ్చు గాక, ముందు మాత్రం సార్ అనేవారు. ఆయన రాగానే మా ఇద్దరినీ విడదీసి చెప్పాల్సి వచ్చింది. ఆయన కోచ్ సార్, నేను డ్రిల్లు సార్. నేనేమో మనసులో ఆయనకు డేరా దొర అని పేరు పెట్టాను. ఆ పేరును ఇంటిదాకా తీసుకుపోవడం నాదే తప్పు. మా ఆవిడకు అది బాగా నచ్చింది. “ఏమంటాండాడు మీ డేరా దొర ఈపొద్దు?” అని రోజూ అన్నం పెడుతూ అడిగేది.

ఆట విషయంలో ఆయన ఏమైనా పెద్ద విద్యలు చూపించాడా అంటే, చూపించాడు. కాదనను. కానీ పిల్లలు పడిపోయింది వాటికి కాదు. ఆయన వాళ్లను ‘మీరు’ అన్నాడు. అంతే.

మా ప్రాంతంలో పదిహేడేళ్ల కుర్రవాణ్ణి మీరు అనే మాస్టరు ఎవరు? నేను మాట్లాడితే “ఒరే ఎద్దూ, బంతి ఆడ పోతాంటే నువ్వు ఈడ ఏం చేస్తాండావురా? నీ కాళ్లు ఇంట్లో పెట్టొచ్చినావా?” అని మొదలయ్యేది. అందులో ప్రేమ లేదా? ఉంది. కావలసినంత ఉంది. వాళ్లకూ అది తెలుసుననే అనుకునేవాణ్ణి. ఈయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, “మీరు కాస్త ఎడమకు జరగండి. బంతి మీ దగ్గరికే వస్తుంది. మీరు తొందరపడకండి” అనేవాడు. మొదటిరోజు మా హాఫ్‌బ్యాకు కుర్రవాడు తన వెనక ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని తిరిగి చూశాడు. ఆట అయ్యాక పరుగెత్తుకుంటూ పోయి తక్కినవాళ్లకు చెప్పాడు. “నన్ను మీరంటాండాడు రా! నిజంగా మీరంటాండాడు!” ఆ మాట నా చెవిన పడింది. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మరుసటి రోజు నుంచి అందరూ తలలు దువ్వుకుని రావడం మొదలుపెట్టారు.

నాకు ఒళ్లంతా మండిపోయింది. తెల్లవారుజామున తుంగభద్ర ఇసుకలో పరుగెత్తించింది నేను. నానబెట్టిన శనగలు, బెల్లం పిడికెడు పిడికెడు పెట్టింది నేను. బెణికిన కాళ్లకు ఆముదం రాసింది నేను. బంతి తోలు తాడు బిగించేటప్పుడు ముడి పైకి రాకుండా లోపలికి తోసేవాణ్ణి, తలతో కొట్టేవాడి నుదురు చిట్లకూడదని. ఇన్నేళ్లుగా ఇవన్నీ చేసినవాణ్ణి పక్కన పెట్టి, నోటితో మీరు అన్నవాడి వెనక పడ్డారు. దీన్ని చూసి మండనివాడు మనిషే కాడు.

అందరి సంగతీ ఎట్లా ఉన్నా సహించేవాణ్ణేమో. మా కెప్టెన్ సంగతే సహించలేకపోయాను. వాడు బేతంచెర్ల పిల్లవాడు. తండ్రి బండల గనిలో పనిచేసేవాడు. చర్చి కుటుంబం, మిషన్ స్కూల్లో చదువు. ఒకసారి నేను బేతంచెర్ల స్టేషనులో బండి కోసం కాచుకుని ఉండగా, లారీల్లోంచి దించిన నాపబండల వరసల మధ్య గుడ్డబంతిని ఎడమకాలితో తంతూ కనబడ్డాడు. ఆ సందుల్లో బంతి ఒక్కసారైనా బండకు తగలనివ్వలేదు. నేను ఎక్కాల్సిన బండి వెళ్లిపోయింది. నేను మాత్రం వాడి ఇల్లు వెతుక్కుంటూ పోయి, వాళ్ల నాయనతో మాట్లాడి, ఆ ఏడే మా కాలేజీలో చేర్పించాను. ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. మా ఆవిడ బొరుగులతో ఉగ్గాని చేసి మిరపకాయ బజ్జీలు వేసేది. మాకు పిల్లలు లేరు. ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

డేరా దొర వచ్చాక కొన్నాళ్లకు ఒక ఆదివారం వాడు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

“పిల్లోడు ఈ వారమూ రాల్యా?” అంది మా ఆవిడ.

“ఆ డేరా కాడికి పొయ్యింటాడు” అన్నాను.

“అయితే ఉగ్గాని గిన్నె ఎత్తుకోని మీరూ ఆడికే పోండి. ఈడ కూచోని పండ్లు కొరికితే ఏమొస్తాది?”

నేను ఆ రోజు ఉగ్గాని ముట్టలేదు. సాయంత్రం నడక నెపంతో డేరాల వైపు వెళ్లాను. దూరం నుంచే కనబడ్డాడు. డేరా ముందు నులకమంచం మీద ఆయన పక్కన కూర్చుని, మంచం మీద గులకరాళ్లు పేర్చి, ఎవరు ఎక్కడ నిలబడాలో ఇద్దరూ జరుపుతున్నారు. నా ముందు ఆ పిల్లవాడు ఎప్పుడూ కూర్చోలేదు. ఉగ్గాని కూడా గోడకు ఆనుకుని నిలబడే తినేవాడు. కూర్చోమని నేను అనలేదని కాదు. ఒకటి రెండుసార్లు అన్నాను. వాడు కూర్చోలేదు. ఈయన దగ్గర మాత్రం కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

ఆ ఏడు కడపలో కాలేజీల పోటీ. బూట్లు లేనిదే ఆడనివ్వమని కబురు వచ్చింది. ప్రిన్సిపాలు ఎక్కడో అడిగి, ఎవర్నో పట్టుకుని, బూట్లు తెప్పించాడు. వచ్చిన రోజు పిల్లల ఆనందం చూడాలి. తొడుక్కున్న రోజు వాళ్ల ఏడుపు చూడాలి. వెడల్పుగా పరుచుకున్న పాదాలు ఆ తోలులో ఇమడలేదు. మడమలు బొబ్బలెక్కాయి. నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది. బూట్లతో గ్రౌండులో అడుగు పెట్టడానికి వీల్లేదని ప్రిన్సిపాలుకు తేల్చి చెప్పాను. గీత గీతే.

ప్రిన్సిపాలు ఆయన వంక చూశాడు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “మాస్టారి గీత దాటొద్దండీ. బూట్లు అలవాటు చేయడానికి మేము ఏటి ఇసుకలోకి పోతాం. గ్రౌండులో ఎప్పటిలాగే వట్టికాళ్లతో ఆడతాం” అన్నాడు. అట్లాగే చేశాడు. ఏటి ఇసుకలో బూట్లు, గ్రౌండులో వట్టికాళ్లు. నా మాటే నెగ్గింది. నెగ్గినా ఓడినట్టు ఎందుకుంటుందో ఆ మనిషి దగ్గరే నేర్చుకున్నాను.

డోన్‌లో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి బండి మారి కడప చేరాం. ఒక్కొక్క ఆటే గెలుచుకుంటూ ఆఖరి ఆటకు వచ్చాం. ముందటి ఆటలన్నీ ఊరిబయట బీడులో జరిగాయి. అక్కడ గీతలు లేవు, మూలల్లో జెండాలు పాతారు, అంతే. ఆఖరి ఆట మాత్రం ఊళ్లో పెద్ద గ్రౌండులో పెట్టారు. జనం మేడల మీదా గోడల మీదా ఎక్కారు. గ్రౌండు చుట్టూ తెల్లగా, మందంగా సున్నపు గీత.

విజిల్ వేశారు. మా పదకొండు మందీ వరసగా పరుగెత్తుకుంటూ గీతదాకా వెళ్లారు. అక్కడ ఆగారు. కూర్చుని, బూట్ల తాళ్లు విప్పి, బూట్లు జతలు జతలుగా గీత అవతల పెట్టి, వంగి నేలను తాకి కళ్లకు అద్దుకుని, వట్టికాళ్లతో లోపలికి పరుగెత్తారు. ఒక్కడికి కూడా అనుమానం రాలేదు. వాళ్ల కాళ్లకు తెలిసిన గీత అదొక్కటే.

జనం గొల్లుమన్నారు. “ఏమప్పా, కర్నూలోళ్లకు బూట్లు కాళ్లకా, సంకకా?” అని గోడ మీద నుంచి ఎవడో అరిచాడు. రెఫరీ విజిల్ ఊదుకుంటూ వచ్చి అందరినీ వెనక్కి తోలాడు. పిల్లల ముఖాలు సిగ్గుతో నల్లబడ్డాయి. నా సంగతి చెబుతాను వినండి. ఆ నవ్వుల మధ్య నా ఛాతీ ఉబ్బింది. ఇన్ని నెలల ‘మీరు’లు, ‘అండీ’లు ఒకవైపు, నా గీత ఒకవైపు. గీత దగ్గరికి వచ్చేసరికి వాళ్లు నావాళ్లే.

ఆ సంతోషం ఎంతసేపో ఉండలేదు. మళ్లీ బూట్లు తొడుక్కోవాలి, రెఫరీ గడియారం చూస్తున్నాడు, కంగారులో పిల్లలకు తాళ్లు ముడిపడడం లేదు. డేరా దొర పంచె ఎగ్గట్టి నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. బేతంచెర్ల పిల్లవాడి కాలు తీసుకుని తన తొడ మీద పెట్టుకున్నాడు.

“వద్దు సార్, వద్దు సార్, నా కాలు పట్టుకోవద్దు సార్” అని వాడు కాలు లాక్కోబోయాడు.

“కదలకండి. తాడు జారిపోతుంది” అన్నాడాయన.

ఆ రోజుల్లో, అంత జనం కళ్లముందు, ఆఫీసులో పనిచేసే మనిషి గనికూలీ కొడుకు కాలును తొడ మీద పెట్టుకున్నాడు. ఒకడి తర్వాత ఒకడికి కట్టాడు. తక్కినవాళ్లు నా వంక చూశారు. నేను కూడా కూర్చుని ఉంటే సగం సమయం కలిసి వచ్చేది. కూర్చోలేదు. గురువు శిష్యుడి కాలు పట్టుకోవడం మా గరిడీలో లేదు. ఇప్పటికీ అది తప్పని నేను అనను. కానీ వాడు, ఆ పిల్లవాడు, వంగిన ఆ తల మీది నుంచి నిలబడి ఉన్న నా వంక ఒకసారి చూశాడు. మళ్లీ వంగిన తల వంకే చూశాడు. వాడు నాకు దక్కడని అప్పుడు తెలిసింది.

ఆట గెలిచాం. వాడి ఎడమకాలి దెబ్బకే గోలు పడింది. అయిపోగానే పిల్లలంతా నా దగ్గరికి వచ్చి వరసగా కాళ్లకు దండం పెట్టారు. ఒక్కడూ తప్పించుకోలేదు. దీవించాను. దీవెన నోట్లో ఉండగానే అటు పరుగెత్తి, ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకుని గ్రౌండంతా తిప్పారు. ఆయన పడిపోతానేమోనని బేతంచెర్లవాడి జుట్టు పట్టుకున్నాడు. వాడు నవ్వుతున్నాడు. నా కాళ్లు పట్టుకున్న చేతులే అవి. నా దగ్గర అవి అంత చనువు ఎన్నడూ తీసుకోలేదు.

ఇక మిగిలింది ఫోటో. కప్పు గెలిస్తే గ్రూపు ఫోటో తీయించి ప్రిన్సిపాలు గదిలో తగిలించడం మా కాలేజీ ఆచారం. ముందు వరసలో మూడే కుర్చీలు. మధ్యలో ప్రిన్సిపాలు, ఆయనకు ఎడమవైపు కెప్టెన్, కుడివైపు జట్టును తయారుచేసినవాడు. వెనక పిల్లలు నిలబడతారు. కుడివైపు కుర్చీలో ఎవరు కూర్చుంటే రేపు గోడ మీద వాడే. రాజధాని హైదరాబాదు పోతోందని, డేరాలు ఎత్తేస్తారని అప్పటికే తెలిసిపోయింది. ఆయన కొద్దిరోజుల్లో వెళ్లిపోతాడు. పోయేవాడు పోతూ పోతూ నా కుర్చీ కూడా పట్టుకుపోతాడేమోనని నాకు నిద్ర పట్టలేదు.

ఎప్పుడూ కాలేజీ వరండాలో తీసే ఫోటో ఆ ఏడు గ్రౌండులో, గోలు స్తంభాల ముందు తీద్దామన్నాడు ప్రిన్సిపాలు. నేను కోటు ఇస్త్రీ చేయించి, కొత్త తోలు బూట్లు తుడిచి తుడిచి తొడుక్కుని, అందరికన్నా ముందే వెళ్లాను. కుర్చీలు వేస్తున్న బంట్రోతు చేతిలోంచి కుడివైపు కుర్చీని నేనే లాక్కుని వేసుకుని కూర్చున్నాను. తర్వాత ప్రిన్సిపాలు వచ్చాడు, పిల్లలు వచ్చారు, ఆయనా వచ్చాడు.

“మీరెక్కడ కూర్చుంటారండీ?” అన్నాడు ప్రిన్సిపాలు ఆయనతో, నా వంక ఇబ్బందిగా చూస్తూ.

నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

“నేను పిల్లలతో నిలబడతానండీ. అది మాస్టారి కుర్చీ” అన్నాడాయన. వెళ్లి వెనక వరసలో, కెప్టెన్ వైపు చివర నిలబడ్డాడు.

ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి, కదలవద్దన్నాడు. అంతలో నా వెనక ఏదో గుసగుస. డేరా దొర గొంతు మెల్లగా ఏదో అంది. నాకు మాటలు వినబడలేదు. ఫోటో వచ్చాక చూస్తే పిల్లలందరూ తలలెత్తి, పళ్లు కనబడేట్టు నవ్వుతున్నారు. కుర్చీలోని కెప్టెన్ కూడా. నేను ఒక్కణ్ణే ముఖం బిగించుకుని ఉన్నాను. కుర్చీ నాకు దక్కింది, నవ్వు ఆయనకు దక్కింది. ఆయన ఏమన్నాడని కెప్టెన్‌ను అప్పుడే అడిగాను. “ఏమీ లేదు సార్” అన్నాడు.

ఆ ఫోటో కాపీ ఒకటి మా ఇంట్లోనూ ఉంది. మా ఇంటికొచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి, “ఆ చివర నిలబడినాయప్ప ఎవరప్పా?” అని అడుగుతాడు. కుర్చీలో ఉన్నవాణ్ణి ఎవరూ అడగరు. ఏళ్లతరబడి ఆ ముఖం వంక చూసి చూసి కుళ్లుకున్నాను.

బేతంచెర్లవాడు చదువు ముగించి, కడపలో ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. జుట్టు నెరుస్తోంది. మా ఆవిడ హడావుడిగా ఉగ్గాని చేసింది. ఫోటో కింద నిలబడి తింటున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

“ఆపొద్దు ఆయప్ప ఏమన్న్యాడురా?”

వాడు ప్లేటు కింద పెట్టాడు.

“మీరు బూట్లు ఇడవల్యా సార్. గ్రౌండులో. మేమంతా గీత కాడ ఇడిసినాము, ప్రిన్సిపాలు సారూ ఇడిసినాడు. మీరు ముందే వచ్చి కుర్చీలో కూచోని ఉండారు. మాకు నవ్వాగల్యా. అప్పుడు కోచ్ సార్ అన్న్యాడు, ‘ఎవరూ కిందికి చూడకండి. చూసినా ఎప్పటికీ చెప్పకండి. తలెత్తి నవ్వండి. మీ మాస్టారిని హాయిగా కూచోనివ్వండి’ అని.”

లేచి ఫోటో దగ్గరికి వెళ్లాను. నా బూట్లు ముందు వరసలో, మా మట్టి మీద, నిగనిగలాడుతున్నాయి. వరస చివర ఆయన పాదాలు వట్టివి. ఇన్నేళ్లూ ఆయన ముఖమే చూశాను గానీ నా కాళ్లు ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఆ కుర్చీలో ఆయన ఉండి, ఆయన కాళ్లకు బూట్లు ఉండి ఉంటే నేను ఏం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. కర్నూలంతా వినబడేట్టు అరిచేవాణ్ణి.

అసూయ పోయిందా అని మా ఆవిడ అడిగింది. యాడ పోతుంది? ఇదివరకు పిల్లల గురించి మాత్రమే కుళ్లుకునేవాణ్ణి. ఒక్క కుర్చీ అయినా ఆయన దగ్గర గెలుచుకున్నానని సరిపెట్టుకునేవాణ్ణి. అది కూడా ఆయన ఇచ్చిందేనని ఇప్పుడు తెలిసింది.